పగులు మీద సీతాకోకచిలుక

జార్జ్ నకషిమా చేసిన టీపాయి ఎక్కడైనా కంటపడితే పైన చూసి మురిసిపోవడం తర్వాత సంగతి, ముందు దాన్ని బోర్లించి చూడాలి. మ్యూజియంలో కాపలావాళ్ళు ఊరుకోరు గానీ, న్యూజెర్సీలో మా పిన్ని కొడుకు ఇంట్లో ఉన్నదానికి ఆ ఇబ్బంది లేదు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని దుప్పటి మీద బోర్లించాం. అడుగున నల్ల సిరాతో ఒక ఇంటిపేరు. చేసినవాడిది కాదు, చేయించుకున్నవాళ్ళది. నకషిమా షెడ్డు నిండా పలకలే కాబట్టి, ఫలానా పలక ఫలానావారిదని ఎంచుకున్నప్పుడే వెనక రాసిపెట్టేవారు. తన సంతకం గురించి మాత్రం ఆ మహానుభావుడు ఏళ్ళ తరబడి పట్టించుకోలేదు. 1980 ప్రాంతం దాకా ఆయన వస్తువుల్లో చాలావాటి మీద సంతకమే ఉండదు. ఇవాళ వేలంపాటలవాళ్ళు టార్చిలైటు వేసి వెతికేది ఆ కొనుక్కున్నవాళ్ళ ఇంటిపేరునే.

ఇక పైభాగం. పలక నల్ల వాల్‌నట్. ఒక అంచు రంపం కోసినట్టు తిన్నగా ఉంది, రెండో అంచు చెట్టు పెరిగినట్టు వంకరగా ఉంది. ఆ వంకర అంచు వెంట బెత్తెడు వెడల్పున పాలిపోయిన తెల్లచెక్క, దాని లోపల ముదురు గోధుమ రంగు చేవ. ఒక కొసన బయల్దేరిన పగులు మూరెడు లోపలికి పాకింది. ఆ పగులుకు అడ్డంగా రెండు రోజ్‌వుడ్ బిళ్ళలు, నడుము సన్నగా, రెక్కలు వెడల్పుగా, అచ్చం సీతాకోకచిలుకల్లా. వాల్‌నట్ ఎక్కడ ఆగిందో రోజ్‌వుడ్ ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తుంది గానీ గోటికి తెలియదు. 1950ల చివర్లో చేసిన వస్తువిది. చలికాలం హీటర్లు, ఎండాకాలం ఏసీలు, రెండు తరాల పిల్లలు, వేలకొద్దీ కాఫీ కప్పులు, అన్నీ దీని మీదుగా వెళ్ళాయి. బిళ్ళలు వెంట్రుకవాసి కదల్లేదు.

చాలామంది ఆ బిళ్ళను అలంకారమనుకుంటారు. కానీ దానికో పని ఉంది. చెట్టును కొట్టేసినా చెక్క కదలడం మానదు. గాలిలో తేమ ఎక్కువైతే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయే ఏ తెలుగింటికీ ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే ఆ ఉబ్బడం, ముడుచుకోవడం పలక అడ్డం వైపే. పొడుగు వైపు దాదాపు ఏమీ ఉండదు. అందుకే పగులు ఎప్పుడూ పొడుగునా పాకుతుంది. బిళ్ళను దానికి అడ్డంగా, బిళ్ళ తాలూకు రేఖలు పగులును దాటేటట్టు పెడితే, విడిపోదామని చూసే రెండు వైపులనూ ఆ వెడల్పు రెక్కలు పట్టి ఆపుతాయి. మేకు లేదు, ఇనుప పట్టీ లేదు. గుంట పిసరంత వదులైతే బిళ్ళ ఉన్నా లేనట్టే. మరీ బిగువైతే బిళ్ళ దిగేటప్పుడే పగులు ఇంకా సాగుతుంది.

మా వీధిలో వడ్రంగికి ఫోన్లో ఈ ఫొటో చూపించాను. “పగిలిన చెక్క పెట్టాడేంటి సార్? మేమైతే అంతమేరా కోసి పారేస్తాం” అన్నాడు. “తెల్లది కూడా వదిలేశాడు, పురుగు పట్టిపోద్ది” అని ఇంకో తప్పు పట్టాడు. మన ఎండకీ మన చెదలకీ అతను చెప్పింది న్యాయమే. టేకులో తెల్లచెక్క వదిలిన వడ్రంగిని మన ఊళ్ళల్లో మళ్ళీ పనికి పిలవరు. తర్వాత ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి బిళ్ళ మూల దగ్గర ఆగిపోయాడు. కాసేపు మాట లేదు. “ఈ మూల ఉలితో తీసింది సార్. మిషనుకి ఇంత మూల రాదు, గుండ్రంగా వచ్చేస్తాది” అన్నాడు. విమర్శకులు పుస్తకాలు రాశారు గానీ, నకషిమా చేతిపని గురించి ఇంతకంటే మంచి మాట నేనెక్కడా చదవలేదు.

ఈ నకషిమా 1905లో అమెరికాలో, స్పోకేన్ అనే ఊళ్ళో, జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ళింట పుట్టాడు. చదివింది వాస్తుశిల్పం, అదీ ఎమ్మైటీలో. పారిస్ తిరిగాడు, టోక్యో చేరాడు. అక్కడ ఆంటోనిన్ రేమండ్ ఆఫీసులో 1934లో ఉద్యోగం. రేమండ్ అంటే ఫ్రాంక్ లాయిడ్ రైట్ వెంట ఇంపీరియల్ హోటల్ పనికి జపాన్ వచ్చి అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోయిన వాస్తుశిల్పి. ఆ ఆఫీసుకు పుదుచ్చేరి అరవిందాశ్రమం నుంచి వసతి భవనం కట్టిపెట్టమని కబురొచ్చింది. 1937లో నకషిమా పుదుచ్చేరిలో దిగి దగ్గరుండి పని చూశాడు. కొన్నాళ్ళకు జీతం వద్దని ఆశ్రమవాసుల్లో కలిసిపోయాడు. అరవిందులు ఆయనకు పెట్టిన పేరు సుందరానంద.

ఆ భవనం పేరు గోల్కొండ! నిజాం ప్రభుత్వంలో ప్రధానమంత్రి స్థానంలో ఉన్న సర్ అక్బర్ హైదరీ అరవిందుల భక్తుడు. ఆయన పూనికతో హైదరాబాదు నుంచి లక్ష రూపాయల విరాళం వెళ్ళింది. ఆ కృతజ్ఞతతో ఆశ్రమ మాత మన వజ్రాల కోట పేరు పెట్టించింది. కాంక్రీటుతో కట్టిన ఆధునిక భవనాల్లో మన దేశంలో మొదటివరసలో నిలిచేది అదే. గోడలకు బదులు తెరిచి మూసుకునే అడ్డ రెక్కలు, గదులకు టేకు జరుపుడు తలుపులు. గాలి భవనం గుండా వెళ్ళిపోతుంది. అక్కడి గదులకు కావలసిన టేకు సామాను గీస్తూనే నకషిమా మనసు ఇటుకా సిమెంటూ నుంచి చెక్క వైపు తిరిగిందని అంటారు. ఈ మాట నాకు మహా ఇష్టం కాబట్టి నమ్మేస్తాను. ప్రపంచమంతా అమెరికన్ డిజైనర్ అనీ, జపనీస్ డిజైనర్ అనీ చెప్పుకునే మనిషి ఉలి పట్టే దారిలో మన గోల్కొండ మీదుగా వెళ్ళాడని మన పత్రికలు ఎన్నిసార్లు రాశాయి?

తర్వాత యుద్ధం. 1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమతీరంలోని జపాన్ సంతతివాళ్ళందరినీ, పౌరసత్వం ఉన్నా సరే, ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టింది. నకషిమా, భార్య మారియన్, చంటిపిల్ల మీరా ఐడహోలోని మినిడోకా శిబిరానికి వెళ్ళారు. ఆ బంజరులో గెంటారో హికొగావా అనే వడ్రంగి తోడు దొరికాడు. జపాన్ పద్ధతిలో పని నేర్చినవాడు. పనిముట్లు అరకొర, దొరికేది తుక్కు చెక్క, ఎడారి తుప్పల కర్ర. ఎమ్మైటీ పట్టభద్రుడు ఆ తుక్కు మధ్య కూర్చుని ఉలి నూరడం దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకున్నాడు. మంచి చెక్క దొరకనిచోట పని నేర్చినవాడు కాబట్టే తర్వాత ఏ చెక్కనూ పనికిరానిదని తీసిపారేయలేదని నా అభిప్రాయం. 1943లో పాత యజమాని రేమండ్ పూచీ ఇచ్చి విడిపించి, పెన్సిల్వేనియాలో న్యూహోప్ దగ్గర తన పొలానికి తీసుకెళ్ళాడు. అక్కడ మొదట చేసిన పని కోళ్ళను సాకడం. ఆ పక్కనే కొద్దిపాటి నేల సంపాదించి, ఇల్లూ కార్ఖానా తన చేతుల్తోనే కట్టుకుని, 1990లో పోయేదాకా అక్కడే ఉన్నాడు.

నకషిమా విద్యంతా దుంగ కోత దగ్గర ఉంది. పెద్ద దుంగను రంపం మీదికి ఎక్కించాక ఏ వైపు నుంచి, ఎంత మందాన, ఏ కోణంలో కోయాలో చెప్పేది ఆయనే. సామిల్లు దగ్గర స్వయంగా నిలబడేవాడు. పైన బెరడు చూసి లోపల ముడి ఎక్కడుందో, రేఖలు ఎటు సుడి తిరుగుతాయో ఊహించాలి. అటు అంగుళం జరిగితే అద్భుతమైన పలక, ఇటు అంగుళం జరిగితే పొయ్యిలో కట్టె. తన పుస్తకం ‘ది సోల్ ఆఫ్ ఎ ట్రీ’లో ఈ కోతను ఆయన వజ్రం కోయడంతో పోల్చాడు.

కోసిన పలకల్ని విడదీయరు. మధ్య మధ్య సన్నటి కర్రలు పెట్టి, దుంగలో ఉన్న వరసలోనే, దుంగ ఆకారంలోనే పేరుస్తారు. అంగుళం మందానికి దాదాపు ఏడాది చొప్పున గాలికి ఆరాలి. అంటే రెండంగుళాల పలకకు రెండేళ్ళు. ఆ పైన వేడి గదిలో మెల్లగా ఆరబెట్టాలి. అయ్యాక కూడా తొందర లేదు, తగిన ఇల్లు దొరికేదాకా పలక షెడ్డులో ఎదురుచూస్తుంది. కొన్ని దశాబ్దాల తరబడి ఎదురుచూశాయి. వరసగా కోసిన రెండు పలకల్ని పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిస్తే రేఖలు అద్దంలో చూసినట్టు జతపడతాయి. పెద్ద బల్లలకు ఆయన చేసింది ఇదే. వరస చెడగొట్టకుండా పేర్చడం ఇందుకే.

పలక ఎంచాక కాళ్ళు. టీపాయికి కాళ్ళంటే నాలుగు మూలలా నాలుగు కర్రలని మనం అనుకుంటాం. ఆయన దగ్గర పలక బరువు ఎటు మొగ్గుతుందో చూసి కాళ్ళు పెడతారు. కొన్నిటికి కాళ్ళు కూడా మందపాటి పలకలే, కొన్నిటికి నున్నగా తీసిన కర్రలు. కూసం తీసి, బెజ్జం తొలిచి, అవసరమైనచోట చీల కొట్టి బిగిస్తారు. పైపలకను కాళ్ళకు కదలకుండా కట్టేస్తే చెక్క ఉబ్బినప్పుడు చీలుతుంది కాబట్టి అది కదిలే చోటు వదిలి బిగించాలి. ఈ చిన్న సంగతి తెలియని కార్ఖానాలు లోకంలో ఎన్నో!

పైపూత టంగ్ నూనె. పూయడం, తుడవడం, ఆరనివ్వడం, మళ్ళీ పూయడం. అద్దంలా మెరవదు. చెయ్యి వేస్తే చెక్కే తగులుతుంది.

ఆయన గొప్పలు చెప్పడం మొదలుపెడితే నాకు ఆపడం కష్టం. రెండే కాళ్ళతో, అడుగుపట్టీల మీద నిలబడే కోనాయిడ్ కుర్చీ చేశాడు. పడిపోతుందని నవ్వినవాళ్ళు నవ్వారు, ఆ కుర్చీలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. 1964లో అహ్మదాబాదు వెళ్ళి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ కోసం మన చెక్కలతో, మన వడ్రంగులతో సామాను చేయించాడు. 1973లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ కొత్త ఇంటికి రెండొందలకు పైగా వస్తువులు చేసిచ్చాడు. 1986లో న్యూయార్క్‌లో సెయింట్ జాన్ ది డివైన్ చర్చికి బ్రహ్మాండమైన వాల్‌నట్ దుంగను చీల్చి శాంతిబల్ల చేశాడు. 1989లో ప్రిన్స్‌టన్‌లో ఒక దంపతుల ఇల్లు కాలిపోయి, అందులో ఆయన చేసిన వందకు పైగా వస్తువులు బూడిదయ్యాయి. అప్పటికి ఆయనకు 84 ఏళ్ళు. మళ్ళీ చేయడానికి పూనుకున్నాడు!

నోల్ లాంటి ఫర్నిచర్ కంపెనీలకూ 1946 నుంచి కొన్ని నమూనాలు గీసిచ్చాడు. వాటిలో కాళ్ళు ఎడంగా చాచిన ఒక చిన్న టీపాయి ముచ్చటగానే ఉంటుంది. అయినా నమూనా కాగితం మీదుంటే కార్ఖానా దాన్ని వెయ్యిసార్లు చేయగలదు. న్యూహోప్ పలకను ఎవరూ రెండోసారి చేయలేరు. అదే కాలంలో ఇసాము నొగుచి గీసిన గాజు టీపాయికి లోకంలో పేరెక్కువ. అందం కాదనను. కానీ దాని మీద కప్పు పెట్టేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడుతుంది. నకషిమా టీపాయి మీద కాళ్ళు చాపుకోవచ్చు. కొడుకు కెవిన్ చిన్నప్పుడు సామాను మీద చేసిన గీతలూ నొక్కులూ చూసి, వాడుకలో పడే అలాంటి గుర్తులకు ఆ ఇంట్లో ‘కెవినైజ్’ అవడం అని పేరు పెట్టారు. గీతలు పడ్డాకే వస్తువు ఇంటిదవుతుందని ఆయన నమ్మకం.

ఇదంతా తెలిశాక హైదరాబాదులో ఏ ఫర్నిచర్ షోరూముకైనా వెళ్ళండి, ఒళ్ళు మండుతుంది. ‘లైవ్ ఎడ్జ్’ అని బోర్డు. ఎదురుగా పచ్చి నిద్రగన్నేరు పలక. సరిగ్గా ఆరనేలేదు, ఏడాది తిరక్కుండా ధనుస్సులా వంగుతుంది. మధ్యలో నీలం ఎపాక్సీ పోసి నది అంటారు. చెక్క కదులుతుంది, ప్లాస్టిక్ కదలదు. పలక ఆరకపోతే ఆ జోడీ ఎన్నాళ్ళు? ఎండ తగిలే గదిలో ఆ రెసిన్ మెల్లగా పసుపు తిరుగుతుంది. గీత పడితే మొత్తం అరగదీసి మెరుగు పెట్టడమే గతి. ఇంకా ఘోరం, పగులు లేని పలక మీద సీతాకోకచిలుక బిళ్ళలు! గుండ్రటి మూలలతో, మిషను తొలిచిన పైపై గుంటలో జిగురు పెట్టి అంటించినవి. ఒకచోట ఎండీఎఫ్ మీద పల్చటి వెనీర్ అంటించి, అంచును రూటర్‌తో వంకరగా తిప్పి, దాన్ని చెట్టు అంచు అంటున్నారు. సేల్స్ కుర్రాణ్ణి “బిళ్ళ ఎందుకు పెట్టారు బాబూ?” అని అడిగితే “డిజైన్ సార్” అన్నాడు. గాయం లేనివాడికి కట్టు కట్టి అందంగా ఉందనడం డిజైన్ ఎలా అవుతుంది? ధర మాత్రం మంచి టేకు మంచం ధర కంటే ఎక్కువ. కొనేవాళ్ళను నేను తప్పుపట్టను, అసలుది చూసే అవకాశం వాళ్ళకు ఎవరిచ్చారు? తెలిసీ అమ్మేవాళ్ళ మీదే నా కోపం.

బాగుచేయడం పేరుతో జరిగే హత్యలు ఇంకో రకం. న్యూజెర్సీలోని మా తమ్ముడి టీపాయి వాడి చేతికి వచ్చేసరికి పాత యజమాని ఎవరో దాని మీద పాలియురేథేన్ వార్నిష్ కొట్టించి ఉన్నాడు. చెక్క మీద గాజుకాగితం చుట్టినట్టు ఒకటే మెరుపు. మధ్యలో నల్లటి వలయం. వాల్‌నట్‌లో టానిన్ ఉంటుంది, తడి ఇనుము తగిలితే సిరాలా నల్లబడుతుంది. ఎవరో ఇనుప పూలకుండీ నీళ్ళోడుతూ పెట్టారన్నమాట. బాగుచేసిన పెన్సిల్వేనియా పనివాడు సాండింగ్ మిషను ముట్టుకోలేదు. వార్నిష్‌ను మందుతో మెత్తబరచి, పల్చటి ఉక్కు రేకుతో గీకి తీశాడు. నల్ల మరకను ఆక్సాలిక్ ఆమ్లంతో కొద్దికొద్దిగా తేల్చి కడిగాడు. లోతుగా నొక్కుకుపోయిన ఒకచోట తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి పీచు ఉబ్బి గుంట చాలావరకు పైకి లేచింది. చిన్న గీతలు అలాగే వదిలేశాడు. పాత దీపం స్తంభం ఉన్నచోట గుండ్రంగా ముదురు రంగు ఇంకా కనిపిస్తుంది. వాల్‌నట్ వెలుతురుకు తేలికవుతుంది కాబట్టి, నీడపడ్డ చోట మాత్రమే తొలినాటి రంగు మిగిలింది. దాన్ని సమం చేయాలంటే పలకంతా చిత్రిక పట్టాలి. అలా పడితే అరవై ఏళ్ళలో వచ్చిన తేనెరంగు పొట్టు కింద రాలిపోతుంది. పనివాడు వద్దన్నాడు, తమ్ముడు విన్నాడు. అడుగున ఉన్న సిరా పేరు జోలికి ఎవరూ పోలేదు. తర్వాత నూనె, పూతకూ పూతకూ మధ్య ఎడం ఇస్తూ.

మన దగ్గర ఏం చేస్తున్నాం? కోస్తాలో పాత మండువా లోగిళ్ళు పడగొట్టినప్పుడల్లా బర్మా టేకు తలుపులు, ఉయ్యాలబల్లలు, భోషాణాలు లారీల్లో వస్తాయి. తరాల చేతులు తగిలి నిగ్గుతేలిన టేకు అది. దుకాణంవాడు మొదట చేసే పని గ్రైండర్‌కు గరుకు చక్రం తగిలించి ఆ నిగ్గంతా చెక్కేయడం. తర్వాత ‘రోజ్‌వుడ్ కలర్’ స్ప్రే, దాని మీద పీయూ మెరుపు. కొన్నవాళ్ళు ‘యాంటిక్’ కొన్నామని మురిసిపోతారు. అయ్యా, అమ్మా, మీ ఇంట్లో తాతగారి పడక్కుర్చీ ఉంటే పాలిష్‌వాణ్ణి పిలిచే ముందు ఒక తడిగుడ్డ, కాస్త నూనెగుడ్డ ప్రయత్నించండి. చాలాసార్లు అంతకుమించి అక్కర్లేదు. వదులైన కూసాలు బిగించడానికి వడ్రంగిని పిలవండి, రంగు డబ్బావాణ్ణి కాదు. పాత జిగురు గీకించి కొత్తది పెట్టించండి, మేకు మాత్రం కొట్టనివ్వకండి.

న్యూహోప్ కార్ఖానాను ఆయన పోయాక కూతురు మీరా చేతిలోకి తీసుకుంది. శిబిరానికి వెళ్ళిన ఆ చంటిపిల్లే, తర్వాత హార్వర్డ్‌లోనూ జపాన్‌లోనూ వాస్తుశిల్పం చదువుకుంది. తండ్రి కోయించి ఆరబెట్టిన పలకలు, తండ్రి దగ్గర పని నేర్చిన చేతులు, ఆమెకు రెండూ మిగిలాయి. 2014లో ఆ ఆవరణకు అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు ఇచ్చింది. వేలంపాటల లెక్క మాత్రం వేరు. 2006లో జార్జ్ చేసిన ‘ఆర్లిన్’ అనే బల్ల ఒక్కటే 8 లక్షల డాలర్లు దాటి పోయింది. 1990 తర్వాత చేసినదంటే మాత్రం పెదవి విరుస్తారు. జార్జ్ చెయ్యి పడకపోతే నకషిమా ఎలా అవుతుందని వాళ్ళ వాదన. అలా అనేవాళ్ళు ఆరోవిల్ వెళ్ళాలి. అక్కడి యూనిటీ పెవిలియన్‌లో ఆసియాకని చేసిన శాంతిబల్ల ఉంది. ప్రతి ఖండానికీ ఒక బల్ల ఉండాలని జార్జ్ కన్న కలలో ఇది మీరా పూర్తిచేసినది, 1996లో వచ్చింది. పుస్తకంలా తెరిచిన జంట పలకలు, వాటిని కలిపి పట్టుకున్న బిళ్ళలు. హైదరాబాదు నుంచి విరాళం వెళ్ళిన గోల్కొండ కూడా అక్కడికి దగ్గర్లోనే, పుదుచ్చేరిలో ఉంది. అయితే అందులో ఇప్పటికీ ఆశ్రమవాసులు కాపురముంటున్నారు, కాబట్టి లోపల చూడాలంటే ముందుగా అనుమతి అడగాలి.